సూర్యుడు పడుకునే చోటు

రెండువేల మూడొందల ఏళ్ల కిందట ఒక మనిషి ఓడెక్కి ఉత్తరానికి వెళ్లాడు. రాత్రి రెండు మూడు గంటలే ఉండే ఊళ్లు ఉన్నాయన్నాడు. నీళ్లూ నేలా కలిసి ముద్దయినట్టుండే సముద్రాన్ని చూశానన్నాడు. అక్కడి దేశం పేరు థూలే అన్నాడు. తరవాతి తరాల పండితులు ఆయన్ను అబద్ధాలకోరన్నారు. ఆయన రాసిన పుస్తకం పోయింది. ఆయన్ను తిట్టిపోసిన పుస్తకాలు మిగిలాయి. ఆ తిట్ల మధ్య దొరికే వాక్యాలు పట్టుకుని చరిత్రకారులు ఇప్పటికీ థూలే కోసం వెతుకుతూనే ఉన్నారు. ఇంతకీ ఆ దేశం ఎక్కడ?

నీడను కొలిచిన నావికుడు

ఆయన పేరు పైథియస్. ఊరు మసాలియా. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఇవాళ మార్సెయ్ అంటున్న రేవు పట్టణం అదే. క్రీ.పూ. 600 ప్రాంతంలో ఆసియా మైనర్ నుంచి వలస వచ్చిన గ్రీకులు దాన్ని కట్టుకున్నారు. వాళ్లకు ఉత్తరాది నుంచి విలువైన సరుకులు రెండు అందేవి. కంచు పోత పోయడానికి తగరం, నగలకు అంబర్. రెండూ ఎన్నో చేతులు మారి వచ్చేవి. అవి పుట్టే చోటు ఎలా ఉంటుందో కొనేవాళ్లకు తెలీదు. తగరం దీవుల సంగతి తనకు తెలీదని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అంతటివాడే ఒప్పుకున్నాడు. క్రీ.పూ. 325 ప్రాంతంలో పైథియస్ ఆ దారి పట్టాడని అంచనా.

సొంత ఊళ్లో చేసిన ఒక పని చూస్తే ఆయన ఎలాంటి మనిషో అర్థమవుతుంది. నిలువుగా ఒక కర్ర పాతాడు. ఏడాదిలో పగలు అన్నిటికన్నా ఎక్కువుండే రోజున, మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలిచాడు. కర్ర ఎత్తు 120 పాళ్లనుకుంటే నీడ 41.8 పాళ్లు వచ్చింది. ఈ అంకెలతో ఇవాళ లెక్క కడితే 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం తేలుతుంది. మార్సెయ్ నిజంగా ఉన్నది 43.3 డిగ్రీల దగ్గర. తేడా డిగ్రీలో మూడో వంతు. దుర్భిణి లేదు, గడియారం లేదు. ఒక కర్ర, ఎండ, ఓపిక మాత్రమే ఉన్నాయి. తరవాతి కాలపు మేటి ఖగోళవేత్త హిప్పార్కస్ తన లెక్కలకు ఈ కొలతను వాడుకున్నాడు. సరిగ్గా ధ్రువ స్థానంలో ఆ రోజుల్లో నక్షత్రమేదీ లేదన్న సంగతినీ పైథియస్ నుంచే తీసుకున్నాడు.

బ్రిటన్‌లో తాను తిరిగినంత మేర నడిచే తిరిగానని పైథియస్ చెప్పుకున్నాడు. ఆ దీవి మూడు మూలల ఆకారమని గ్రీకు లోకానికి తెలిసింది ఆయన వల్లేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కార్న్‌వాల్ కొసన తగరం తవ్వి కరిగించి, ఆటు వేళ బళ్ల మీద ఒక దీవికి చేర్చి అమ్మేవాళ్లన్న వివరం కూడా ఆయన నుంచే వచ్చిందంటారు. పోటు వస్తే దీవి, ఆటు వస్తే నేల. అక్కడి సెయింట్ మైకేల్స్ మౌంట్ ఇప్పటికీ అలాగే ఉంది. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు లెక్కలోకి రానంత చిన్నవి. అక్కడ పుట్టి పెరిగినవాడు అట్లాంటిక్ పోటు చూసి, దానికి చంద్రుడితో సంబంధం ఉందని రాశాడు.

బ్రిటన్ దాటి ఆరు రోజులు

బ్రిటన్ నుంచి ఉత్తరానికి ఓడలో ఆరు రోజులు వెళ్తే థూలే. అక్కణ్నుంచి మరో రోజు వెళ్తే గడ్డకట్టిన సముద్రం. పైథియస్ చెప్పినట్టు తరవాతి రచయితలు ప్లినీ, స్ట్రాబో రాసిపెట్టిన దూరాలివి. థూలేలో నడివేసవి రోజున సూర్యుడు దిగంతం కిందికి దిగడని క్లియోమెడిస్ రాశాడు. అంటే ఆర్కిటిక్ వృత్తానికి ఆనుకుని ఉండాలి. జెమినస్ అనే ఖగోళ రచయిత ఇంకో అడుగు ముందుకేసి పైథియస్ మాటల్నే అందించాడు. సూర్యుడు పడుకునే చోటు ఇదేనని అక్కడి జనం ఆయనకు చూపించారట. రాత్రి కొన్నిచోట్ల మూడు గంటలు, కొన్నిచోట్ల రెండే గంటలట. సూర్యుడు అస్తమించిన కాసేపటికే మళ్లీ పైకొచ్చేవాడట. రాత్రి రెండు మూడు గంటలకు తగ్గాలంటే 64, 65 డిగ్రీల దాకా పోవాలి. కూర్చున్నచోట కథ అల్లేవాడికి ఈ అంకె దొరకదు.

ఆ చలి ప్రాంతపు జనం గురించి కూడా ఆయన రాశాడు. పళ్లు, పశువులు తక్కువ. చిరుధాన్యం, ఆకులు, దుంపలు, అడవి కాయలు తిని బతుకుతారు. ధాన్యం, తేనె దొరికేచోట వాటితో పానీయం కాచుకుంటారు. పంట కోశాక కంకులు పెద్ద పెద్ద కొట్టాల్లోకి చేరవేసి లోపలే నూర్చుకుంటారు. ఎండ చాలదు, వాన వదలదు, ఆరుబయట కళ్లం వేస్తే గింజ దక్కదు. ఆ వాక్యం చదివితే ఏ రైతుకైనా నమ్మకం కుదురుతుంది. నూర్పుళ్ల వేళ ముసురు పడితే ఏమవుతుందో గోదావరి డెల్టాలో అడిగితే చెబుతారు. పైకప్పు కింద కళ్లం అన్నది ఊహకు తట్టే అద్భుతం కాదు. దగ్గరుండి చూసినవాడి కంటికి ఆనే వివరం.

అన్నిటికన్నా ఎక్కువ వాదన లేపింది సముద్రం మాట. థూలే చుట్టుపక్కల విడిగా నేల లేదు, నీరు లేదు, గాలి లేదు. మూడూ కలిసిన ముద్ద ఒకటుంది, జెల్లీఫిష్‌లా. దాని మీద నడవలేం, ఓడా నడవదు. దీన్ని చదివి నవ్వినవాళ్లే ఎక్కువ. అయితే సముద్రం గడ్డకట్టే తీరు తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. ముందు నీటి మీద మంచు పలుకులు తేలి జావలా చిక్కబడతాయి. అలల తాకిడికి ఆ పొర గుండ్రటి బిళ్లలుగా విడిపోతుంది. బిళ్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని అంచులు పైకి తిరుగుతాయి. కింద కెరటం కదిలినప్పుడల్లా పైనున్న పొర మొత్తం ఊపిరి తీసినట్టు లేచి దిగుతుంది. మీద పొగమంచు కూడా కమ్మిందంటే ఎక్కడ నీరు ఆగిందో, ఎక్కడ గాలి మొదలైందో తెలీదు. ఉత్తర ధ్రువ యాత్రికుడు, నార్వే దేశస్థుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ఇలాంటి మంచు ముద్దలోనే ఓడ నడిపాడు. పైథియస్ చెప్పింది దీని గురించే అయి ఉండవచ్చని ఆయన అన్నాడు.

అబద్ధాలకోరన్న పండితులు

పైథియస్‌ను అందరికన్నా గట్టిగా తిట్టింది స్ట్రాబో. క్రీస్తు శకం మొదలయ్యే రోజుల్లో 17 సంపుటాల భూగోళ గ్రంథం రాసిన మహా పండితుడు. ఆయన లెక్కలో మనుషులు బతకగల ఆఖరి చోటు ఐర్లండ్. ఆపైన చలికి ప్రాణి నిలవదు. అలాంటప్పుడు ఇంకా ఉత్తరాన పంటలు, కొట్టాలు ఉన్నాయంటే అబద్ధం కాక మరేమిటి? ఇదీ ఆయన వాదన. ఆయనకన్నా ముందు చరిత్రకారుడు పాలిబియస్ మరో ప్రశ్న వేశాడు. డబ్బూ హోదా లేని మామూలు మనిషి అంత దూరం ఎలా వెళ్లగలడు? ఈ ఇద్దరిలో ఎవరూ ఆ సముద్రం మొహం చూడలేదు. వెళ్లొచ్చినవాడి మాటను వెళ్లనివాళ్లు తమ సిద్ధాంతంతో కొలిచారు, అతని పేదరికంతో కొలిచారు.

అదే సమయంలో నార్వే ఉత్తర కొసన 70 డిగ్రీల దగ్గర, ఆల్టా అనే చోట, బండల మీద వేల ఏళ్ల నాటి బొమ్మలు ఉన్నాయి. పడవలు, రెయిన్‌డీర్ మందలు, వేటగాళ్లు. పైథియస్ పుట్టడానికి ఎంతో ముందే అక్కడ మనుషులు బతికారు, పడవలేసుకుని సముద్రం మీద తిరిగారు. స్ట్రాబో గీసిన గీత తప్పని ఆ బండలే చెబుతున్నాయి.

అయినా స్ట్రాబోకు మనం రుణపడే ఉన్నాం. ఖండించాలంటే ముందు ఎదుటివాడు ఏమన్నాడో రాయాలి కదా. అలా రాస్తూ రాస్తూ ఆయన ఒక బంగారం లాంటి వాక్యం వదిలిపెట్టాడు. ఆ జెల్లీఫిష్ లాంటి ముద్దను తాను స్వయంగా చూశానని, మిగతాది విని చెబుతున్నానని పైథియస్ అన్నాడట. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో కీలకం ఈ ఒక్క మాటే. అబద్ధాలు చెప్పేవాడు అన్నీ చూశాననే అంటాడు. కళ్లారా చూసింది వేరు, చెవిన పడింది వేరు అని విడగొట్టి చెప్పేవాడు సాక్షి. అలెగ్జాండ్రియా గ్రంథాలయం నడిపిన ఎరటోస్తనీస్, ఖగోళవేత్త హిప్పార్కస్ ఇద్దరూ ఆయన్ను నమ్మారు. ఇద్దరూ కొలతలు తెలిసినవాళ్లే. ఇవాళ మార్సెయ్ పాత రేవు దగ్గరి బూర్స్ భవనం ముందు గోడ మీద పైథియస్ విగ్రహం నిలిచి ఉంది.

పోటీలో నాలుగు చోట్లు

థూలే మాదేనని చెప్పుకునే చోట్లు చాలా ఉన్నాయి. గట్టిగా నిలబడేవి నాలుగు.

షెట్లాండ్ దీవులు: క్రీ.శ. 83, 84 ప్రాంతంలో రోమన్ గవర్నర్ అగ్రికోలా పంపిన ఓడలు బ్రిటన్ ఉత్తర కొసకు వెళ్లి దూరం నుంచి థూలేను చూశాయని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. వాళ్లు చూసింది షెట్లాండ్‌నే కావచ్చు. కానీ అది 60 డిగ్రీల దగ్గరుంది. నడివేసవిలోనూ అక్కడ రాత్రి సుమారు ఐదు గంటలు. పైగా స్కాట్లండ్ నుంచి ఆరు రోజుల దూరం లేదు.

సారెమా దీవి: ఎస్తోనియా రచయిత లెన్నార్ట్ మెరి 1976లో ప్రచురించిన పుస్తకంలో కొత్త వాదన తెచ్చాడు. సారెమాలో ఉల్క పడిన గుంట ఒకటుంది. సూర్యుడు పడుకున్న చోటని జనం చూపించింది దాన్నేనన్నాడు. ఆయన తరవాతి రోజుల్లో ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు కూడా. ఊహ అందంగా ఉంది. సారెమా ఉన్నది 58 డిగ్రీల దగ్గర. రాత్రి ఐదు గంటలు దాటుతుంది. లెక్క కుదరదు.

ఐస్‌లాండ్: దీని పక్షాన సాక్ష్యాలు బలంగా ఉన్నాయి. రాత్రి నిడివి సరిపోతుంది. గడ్డకట్టిన సముద్రం ఉత్తరాన దగ్గర్లోనే ఉంది. క్రీ.శ. 825లో డికుయిల్ అనే ఐర్లండ్ సన్యాసి, అప్పటికి ముప్పై ఏళ్ల కిందట ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా థూలేలో ఉండి వచ్చిన మతాచార్యుల మాటలు రాశాడు. నడివేసవి సాయంత్రం సూర్యుడు చిన్న గుట్ట వెనక దాక్కున్నట్టే ఉంటాడట. చొక్కాలో పేలు ఏరుకునేంత వెలుతురు రాత్రంతా ఉంటుందట. వాళ్లు ఉండి వచ్చింది ఐస్‌లాండ్‌లోనేనని ఎక్కువమంది ఒప్పుకుంటారు. మరి పైథియస్ థూలే కూడా అదేనా? ఇక్కడే చిక్కు. ఆయన కాలంలో ఐస్‌లాండ్‌లో మనుషులు ఉన్న జాడ లేదు. నార్స్ జనం అక్కడ స్థిరపడింది క్రీ.శ. 870ల్లో. మనిషే లేని చోట సూర్యుడు పడుకునే దిక్కు ఎవరు చూపించారు? కొట్టాల్లో కళ్లం ఎవరు వేసుకున్నారు?

నార్వే నడిమి తీరం: ట్రోండ్‌హైమ్ ఫ్యోర్డ్ 63.4 డిగ్రీల దగ్గర ఉంది. అక్కణ్నుంచి కొంచెం పైకి వెళ్తే రాత్రి పైథియస్ చెప్పినంతకు తగ్గుతుంది. కంచు యుగం నుంచే అక్కడ సాగు ఉంది, పశువులు ఉన్నాయి. స్కాట్లండ్ ఉత్తర కొస నుంచి నైరుతి గాలి, సముద్ర ప్రవాహం ఓడను అటే తోస్తాయి. నాన్సెన్ 1911లో ఈ వాదనకే ఓటేశాడు. దీనికీ లోపాలు ఉన్నాయి. ఆ తీరంలో సముద్రం గడ్డకట్టదు, ఫ్యోర్డుల లోపలి కొసలు తప్ప. దిక్కు కూడా సరిగ్గా ఉత్తరం కాదు, ఈశాన్యం.

అన్నీ తూకం వేస్తే నేను నార్వే వైపే మొగ్గుతాను. దిక్కు అటూ ఇటూ అవడం దిక్సూచి లేని కాలంలో మామూలే. థూలేకు ఆవలి గడ్డకట్టిన సముద్రం విన్న మాట అయి ఉండవచ్చు, జెల్లీఫిష్ లాంటి ముద్ద తప్ప మిగతాది విన్నదేనని ఆయనే అన్నాడు కాబట్టి. మనుషులు, పంట, నూర్పుళ్ల వివరాలు మాత్రం, విన్నవే అయినా, జనం ఉన్న చోటు నుంచే రావాలి. ఆరో శతాబ్దంలో చరిత్రకారుడు ప్రొకోపియస్ కూడా థూలే బ్రిటన్‌కు పది రెట్లుంటుందని, అందులో 13 తెగలున్నాయని రాసినప్పుడు స్కాండినేవియానే మనసులో పెట్టుకున్నాడు.

తవ్వితే తేలిన దేశం

పాఠంతో ఇంతవరకే రాగలం. ఆపైన నేలే చెప్పాలి. అలా నేల చెప్పిన ఉదాహరణ ఉత్తరాదిలోనే ఉంది. పదమూడో శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిన రెండు గాథలు పశ్చిమాన మూడు దేశాలున్నాయన్నాయి. బండల దేశం, అడవుల దేశం, ద్రాక్షలు పండే విన్‌లాండ్. నార్స్ నావికుడు లీఫ్ ఎరిక్సన్, ఆయన మనుషులు కొలంబస్‌కు దాదాపు ఐదొందల ఏళ్ల ముందే అక్కడ దిగారని ఆ కథ. చాలాకాలం అది కథగానే ఉంది.

1960లో నార్వేకి చెందిన హెల్గె ఇంగ్‌స్టాడ్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర కొసకు, లాన్సొ మెడోస్ అనే జాలరి పల్లెకు వెళ్లి పాత కట్టడాల ఆనవాళ్లున్నాయా అని అడిగాడు. ఒక జాలరి తీసుకెళ్లి గడ్డి మొలిచిన దిబ్బలు చూపించాడు. హెల్గె భార్య, పురావస్తు నిపుణురాలు ఆనె స్టీనె ఇంగ్‌స్టాడ్ నాయకత్వంలో 1961 నుంచి 1968 దాకా తవ్వారు. మట్టి గోడల ఇళ్లు ఎనిమిది బయటపడ్డాయి. ఇనుము కరిగించిన కొలిమి, పడవ చీలలు, బట్టలకు పెట్టుకునే కంచు పిన్ను దొరికాయి. నూలు వడికే కదురుకు తొడిగే చిన్న రాతి బిళ్ల కూడా దొరికింది. అంటే ఆ ఓడల్లో ఆడవాళ్లూ వచ్చారు. తరవాతి తవ్వకాల్లో బటర్‌నట్ కాయలు దొరికాయి. అవి న్యూఫౌండ్‌లాండ్‌లో కాయవు, దక్షిణాన న్యూబ్రన్స్‌విక్ వైపు కాస్తాయి. అడవి ద్రాక్ష పండేదీ ఆ వైపే. గాథలో ద్రాక్ష మాట వట్టి కల్పన కాదని ఆ కాయలు సాక్ష్యమిచ్చాయి. 1978లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

2021లో ఇంకో ముడి విడింది. క్రీ.శ. 993లో భూమిని తాకిన విశ్వ కిరణాల ఉధృతి ప్రపంచమంతటా చెట్ల వలయాల్లో గుర్తు వదిలింది. లాన్సొ మెడోస్‌లో లోహపు గొడ్డలితో నరికిన కలప ముక్కల్లో ఆ గుర్తును పట్టుకుని బెరడు దాకా వలయాలు లెక్కపెట్టారు. 28 వచ్చాయి. అంటే ఆ చెట్లు నరికింది సరిగ్గా 1021లో. గాథ చెప్పిన మాట ఒక ఏడాది దగ్గర నిలబడింది.

మన దగ్గరా ఈ పద్ధతికి చక్కటి సాక్ష్యం ఉంది. రెండో శతాబ్దపు టాలెమీ తన ‘భూగోళం’లో థూలేను పేర్కొన్నాడు. అదే పుస్తకంలో కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు, అక్కడ కొంటకోసిల అనే వర్తక రేవు ఉందన్నాడు. మచిలీపట్నానికి దగ్గర్లోని ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాలు ఆ ఊరిని కంటకసెల అన్నాయి. నాగార్జునకొండ శాసనంలోనూ ఆ పేరుంది. గ్రీకు భూగోళవేత్త మాట, తెలుగు నేల మీది రాయి ఒకటే చెప్పాయి.

లేని దీవి, చెడ్డ పేరు

నేల చెప్పక ముందే నమ్మితే ఏమవుతుందో కూడా చూడాలి. 1558లో వెనిస్‌లో నికోలో జెనో అనే ఆయన తన పూర్వీకుల యాత్ర అంటూ ఒక పుస్తకం, పటం అచ్చు వేయించాడు. అందులో ఫ్రిస్‌లాండ్ అనే పెద్ద దీవి ఉంది. అలాంటి దీవి అట్లాంటిక్‌లో లేనే లేదు. అయినా పటాల నిపుణుడు మెర్కేటర్ 1569లో తన ప్రపంచ పటంలో దాన్ని గీశాడు. ఇంగ్లిష్ నావికుడు మార్టిన్ ఫ్రోబిషర్ 1576లో గ్రీన్‌లాండ్ దక్షిణ కొసను చూసి ఫ్రిస్‌లాండ్ అనుకున్నాడు. పైథియస్‌ను నమ్మని లోకం జెనోను నమ్మింది. ఒకడు కొలతలిచ్చాడు, ఇంకొకడు బొమ్మ ఇచ్చాడు.

థూలేకు అంతకన్నా చెడ్డ గతి పట్టింది. 1918లో మ్యూనిక్‌లో థూలే సొసైటీ అనే బృందం పుట్టింది. ఆర్యజాతి పుట్టిల్లు ఉత్తరాన ఉందని కల్పించి, ఆ పేరును యూదు ద్వేషానికి జెండాగా ఎత్తింది. దానితో సంబంధం ఉన్నవాళ్లు 1919లో పెట్టిన పార్టీయే తరవాత నాజీ పార్టీగా మారింది. పైథియస్ రాసిన దాంట్లో జాతుల గొప్పతనం మాటే లేదు. రాత్రి నిడివి, పంట నూర్చే పద్ధతి, సముద్రం తీరు ఉన్నాయి. ఆనవాళ్లు వదిలేసి పేరు మాత్రం తీసుకున్నవాళ్ల చేతిలో ఏ పురాణ భూమి అయినా ఆయుధమే అవుతుంది.

అందుకే పాత దేశాల కథ ఎవరు చెప్పినా మూడు ప్రశ్నలు అడగాలి. ఇది చూసిందా, విన్నదా? కొలత ఉందా? నేల ఏమంటోంది? మొదటి రెండింటికీ పైథియస్ జవాబిచ్చాడు. మూడోది పురావస్తు శాఖల చేతుల్లో ఉంది. నార్వే తీరాన మధ్యధరా కుండ పెంకో నాణెమో ఆ కాలపు పొరలో దొరికేదాకా థూలే చిరునామా ముందు ‘బహుశా’ అన్న మాట ఉంచాల్సిందే. పైథియస్ పేరు ముందు ‘అబద్ధాలకోరు’ అన్న మాట మాత్రం ఇక చెరిపేయాలి.

మీరూ కొలవండి

మార్చి 20, 21 తేదీల్లోనో, సెప్టెంబరు 22, 23 తేదీల్లోనో పిల్లల్ని తీసుకుని డాబా ఎక్కండి. మీటరు పొడవున్న కర్రను నిట్టనిలువుగా నిలబెట్టండి. పన్నెండుకు కాస్త ముందు నుంచి ఒంటిగంట దాకా నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. అన్నిటికన్నా పొట్టి నీడ ఎంతో కొలవండి. ఆ కొలతను కర్ర ఎత్తుతో భాగించి, ఫోన్ క్యాలిక్యులేటర్‌లో టాన్ విలోమం చూస్తే మీ ఊరి అక్షాంశం వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో నీడ సుమారు 31 సెంటీమీటర్లు, విజయవాడలో 30, తిరుపతిలో 24 పడుతుంది. అదే కర్ర అదే రోజున ట్రోండ్‌హైమ్‌లో నిలబెడితే నీడ రెండు మీటర్లుంటుంది.